ఉత్తరంలో వినబడేది ఎవరి గొంతు?

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి గొప్పతనం సావనీరులో పెద్దలు రాశారు. నాకు తెలిసింది ఒక్కటే. నేను రాసిన కార్డులన్నీ ఎర్రసిరాతో దిద్ది, కుశలం ఒక్క ముక్కైనా రాయకుండా తిరుగు టపాలో పంపేవారు. ఇంకొకరి చెయ్యి పడ్డాక ఉత్తరం ఏమవుతుందో నాకు అప్పుడే తెలిసింది.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో, మన సిపాయిలు ఫ్రాన్సులోని మార్సేల్స్‌లో దిగడం, గాయపడ్డవాళ్ల కోసం ఇంగ్లండులోని బ్రైటన్ రాజమందిరం ఆసుపత్రి కావడం మీరెరిగినవే. అసలు తగువుకొస్తాను.

మొన్న ఒక కళాశాల పిల్లలు ఆ సిపాయిల ఉత్తరాలతో నాటకం వేశారు. బాగా వేశారు. కట్టు కట్టుకున్న కుర్రాడు కాగితం పట్టుకుని తల్లికి చెప్పుకుంటుంటే హాలంతా కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. ఆ కాగితం సిపాయి రాసింది కాదు. చాలామందికి చదువు రాదు. చెబుతుంటే ఇంకొకడు రాశాడు. సెన్సారు చూస్తాడని ఇద్దరికీ తెలుసు. మనకు దక్కింది ఆ రాతా కాదు, సెన్సారు అధికారి హోవెల్ కచేరీలో ఇంగ్లీషు చేసి, నివేదికల వెనక కుట్టిన తునకలు. చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సీ 1999లో వాటిని ఏరి పుస్తకం వేసి, పేరులో ‘గొంతులు’ అన్నారు. ఈ పొరల సంగతి ఆయన ముందుమాటలోనే ఒప్పుకున్నారు, నిజమే. కానీ గుమ్మం దగ్గర విప్పిన చెప్పుల్లా ఆ హెచ్చరికను అక్కడే వదిలేసి నాటకాలవాళ్లు లోపలికి పోతున్నారు.

ఇంత అనుమానిస్తే సిపాయి నోరు నొక్కినట్టేనంటారు నా విమర్శకులు. ఒక సిపాయి నల్ల మిరియాలు అయిపోయాయని, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారని ఇంటికి రాయించాడు. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్లవాళ్లు. ఆ తెలివి ఇవాళ మనకెలా తెలిసింది? సెన్సారు పట్టుకుని ఎత్తి రాసుకున్నాడు గనక! ఆ మాటను దాచింది, దొరకబుచ్చుకుంది, మనకు చేర్చింది ఒక్క మనిషి కాదు. అందుకే చెప్పేవాణ్ణి, రాసేవాణ్ణి, తర్జుమాదారుణ్ణి, హోవెల్‌నూ నలుగురినీ రంగస్థలం ఎక్కించండంటున్నాను. పుస్తకం వీళ్లను ఒకరి తర్వాత ఒకరిని చూపగలదు. నాటకం ఒకేసారి నిలబెడుతుంది.

ఆ కట్టల్లో తెలుగు వెతక్కండి. మనది యుద్ధజాతి కాదని తేల్చి, అప్పటికే తెలుగువాళ్లను పటాలాల్లో చేర్చుకోవడం దాదాపు మానేశారు. మన యుద్ధం తర్వాతి ప్రపంచయుద్ధంలో, మరో దారిన వచ్చింది. 1941 డిసెంబరు 23న బర్మాలోని రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడి రేవులో, ధాన్యం మిల్లుల్లో పనిచేసే మనవాళ్లు, దొరల నోట ‘కోరంగీలు’, పిల్లల్ని భుజాన వేసుకుని అడవుల వెంట నడిచొచ్చారు. నడుస్తూ ఎవరు ఉత్తరం రాస్తారు? ఇప్పుడు శ్రీకాకుళం వైపు పదిమంది విద్యార్థులతో అలా నడిచొచ్చినవాళ్ల ఇళ్లకు తిరుగుతున్నాను. ఒక అమ్మాయి అడిగింది, ‘ఉత్తరాల్లేకపోతే నాటకం దేనితో కడతాం సార్?’ అని. పంపిన డబ్బుతో పాటు నాలుగు ముక్కలు రాసిన మనియార్డర్ కూపన్లున్నాయి కదమ్మా అన్నాను. అవీ పక్కవాడు రాసిపెట్టినవే.

మీ ఇళ్లలో, ట్రంకుపెట్టెల అడుగున, రంగూన్ ముద్ర ఉన్న కూపన్ ఏదైనా ఉంటే చెప్పండి. బయట బల్ల దగ్గర ఆ అమ్మాయే నోటుబుక్కు పట్టుకుని కూర్చుంది. మీరు చెప్పండి, తను రాసుకుంటుంది.