గనిలోకి దిగే హక్కు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఫిజిక్సు పాఠాలు చెప్పేదాన్ని. ఈ సభలో న్యూట్రినోల మాటెందుకని మీకు అనిపించవచ్చు. కానీ ఇది గనులకూ స్త్రీలకూ సంబంధించిన విషయమే.

ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు ఎడతెగకుండా నేల మీద పడుతుంటాయి. ఆ రద్దీలో న్యూట్రినో వంటి కణం జాడ దొరకదు. అందుకే పరికరాలను గని లోపల పెడతారు. పైనున్న రాయి ఆ కిరణాలను చాలావరకు ఆపుతుంది. మన చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోని కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనిపెట్టారు. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 2017లో 555 మీటర్ల లోతున ప్రయోగశాల తెరిచారు.

మరి స్త్రీలు? 1952 గనుల చట్టం, 46వ సెక్షను, భూగర్భంలో వారికి పని నిషేధించింది. అంతకుముందూ నిషేధం ఉండేది. యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చినప్పుడు 1943లో ఎత్తేశారు, 1946లో మళ్లీ పెట్టారు. రక్షణ ఎవరి అవసరాన్నిబట్టి వచ్చిపోయిందో చూడండి! 1935 నాటి అంతర్జాతీయ ఒప్పందం చదువులో భాగంగా గనిలో దిగే స్త్రీలకు మినహాయింపు ఇవ్వవచ్చంది. అంటే విద్యార్థినికి దారి ఉంది, బొగ్గు తట్ట మోసే తల్లికి లేదు. ఆ ఒప్పందం 2024లో రద్దయింది. మన దేశంలో 2019లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు స్త్రీలను అనుమతించారు. 2020 వృత్తి భద్రతా కోడ్ అన్ని పనులకూ హక్కు రాసింది.

చట్టం మారితే చాలదు. పరిశోధక విద్యార్థిని ఉద్యోగి కాదు, మస్టరులో ఆమె పేరుండదు. ఆమె భవిష్యత్తు గైడు సంతకం మీద ఆధారపడి ఉంటుంది. "కిందికి నువ్వెందుకమ్మా, పైన కూర్చుని లెక్కలు చూడు" అంటే ఎదురు చెప్పగలదా? పరికరాన్ని తన చేతులతో విప్పి బిగించే అవకాశం లేకుండా ప్రయోగ శాస్త్రం ఎలా నేర్చుకుంటుంది?

సౌకర్యాలు లేవనేది పాత సాకు. కెనడాలో సడ్బరీ నికెల్ గనిలో, రెండు కిలోమీటర్ల లోతున, ప్రయోగశాలలోకి వెళ్లే ప్రతివారూ స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. గని దుమ్ము పరికరాలకు పనికిరాదు మరి! పరికరాల కోసం పాతాళంలో స్నానాల గదులు కట్టగలిగినవాళ్లు ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టలేరా?

మనం అడగాల్సినవి ఇవి: విద్యార్థినులకు బీమా, కొలతకు సరిపోయే బూట్లు, రేడాన్ వాయువు కొలతల వివరాలు, గర్భిణికి సీటు పోకుండా పైన పని, 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద కమిటీ. ఇవే గని కార్మిక స్త్రీలకూ కావాలి. ఇద్దరి తరఫునా కలిపే అడుగుదాం.