ఆవిరికి అడ్డుకట్ట

చమురు బావి యనగానే మనలో పెక్కుమందికి నల్లని ధార ఆకాశమునకు చిమ్ముచున్న చిత్రము మనస్సున మెదలును. కాని అన్ని బావులును అట్టివి కావు. కొన్ని క్షేత్రములలో చమురు చల్లారిన బెల్లపు పాకమువలెను, ఒక్కొక్కచోట రోడ్డుపై పోయు తారువలెను చిక్కనై, ఇసుకరాతి సందులను పట్టుకొని యుండును. బావి త్రవ్వినంత మాత్రమున అది కదలి రాదు. దానిని కదలించుటకు వేడి కావలెను. ఆ వేడిని భూగర్భమునకు మోసికొనిపోవునది నీటి ఆవిరి. ఆ ఆవిరిని కావలసిన పొరకే పంపి, తక్కిన పొరలలోనికి పోకుండ ఆపుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగ విషయము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, బేకర్స్‌ఫీల్డ్ పట్టణ సమీపమున, కెర్న్ రివర్ అను చమురు క్షేత్రము కలదు. అచ్చట 1899లో చమురు కనుగొనిరి. చమురు సమృద్ధిగ నున్నను, చిక్కదనము వలన అందు చాల భాగము భూమిలోనే నిలిచిపోయెను. 1960 దశకమున ఆవిరి పద్ధతి ప్రవేశించిన పిదప ఆ పాత క్షేత్రమునకు మరల జవసత్త్వములు వచ్చినవి. కారణము సులభముగనే తెలియును. సాధారణ వాయుపీడనమున ఒక గ్రాము నీటిని సున్న డిగ్రీల నుండి నూరు డిగ్రీల వరకు కాచుటకు 100 కెలోరీల వేడి చాలును. ఆ నూరు డిగ్రీల నీరు ఆవిరి యగుటకు మరి 540 కెలోరీలు కావలెను. ఆవిరి చల్లని రాతిని తాకి మరల నీరైనప్పుడు, తనలో దాచుకొన్న ఈ వేడినంతయు అచ్చటనే విడిచిపెట్టును. అంతట చమురు పలుచబడి బావివైపు ప్రవహింపసాగును.

అయితే భూగర్భమున చమురు తరచుగా ఒకే పొరలో నుండదు. ఇసుకపొర, దాని క్రింద బంకమట్టిపొర, మరల ఇసుకపొర, ఇట్లు అంతస్తులుగా నుండును. ఒక ఇసుకపొర గుల్లగాను, మరియొకటి గట్టిగాను ఉండును. అన్ని పొరలకు ఎదురుగా గొట్టమునకు రంధ్రములు చేసి పైనుండి ఆవిరి పంపినచో ఏమగును? గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పనక్కరలేదు. తూములకు తలుపులు లేకుండ కాలువకు నీరు వదలినచో ఎగువ పొలము మునుగును, శివారు భూమి బీటలువారును. ఆవిరియు అంతే. గుల్లపొర దొరకినచో అందులోనికే దూరును. అందలి చమురు తొలగినకొలది దారి సుగమమగును. దారి సుగమమైనకొలది ఇంకను ఎక్కువ ఆవిరి ఆ దారినే పట్టును. గట్టిపొరలోని చమురు మాత్రము ఎప్పటివలెనే కదలక యుండును.

ఈ నష్టము స్వల్పమైనది కాదు. ఒక పీపా చమురు తీయుటకు సాధారణముగా మూడు నుండి ఐదు పీపాల నీటిని ఆవిరిగా మార్చి పంపవలసి యుండును. ఆ నీటిని కాచుటకు ఇంధనము మండవలెను. చమురు ఎన్నడో తీసివేసిన పొరలోనికి ఆవిరి పోయినచో, నీరు, ఇంధనము, ధనము మూడును వ్యర్థము.

నష్టము ధనముతోనే ముగియదు. వెనిజులా దేశములోని మేనే గ్రాండే క్షేత్రమున 1959లో ఆవిరి ప్రయోగము జరుగుచుండగా, ఆవిరి నేలను చీల్చుకొని పైకి వచ్చెను. పీడనము తగ్గించుటకై బావిని తెరచి వెనుకకు పారనీయగా, దానితో చమురు విశేషముగ వెలువడెను. ఒకే బావిలో కొంతకాలము ఆవిరి పంపి, పిదప దానినుండియే చమురు తీయు పద్ధతి ఆ అపాయము నుండియే పుట్టినది. అన్ని అపాయములును అట్లు కలిసిరాలేదు. 2006 మే నెలలో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున, జాస్లిన్ అను చోట, ఆవిరి పైనున్న రాతికప్పును బద్దలు చేసికొని నేలపైకి ప్రేలి వచ్చెను. 2011 జూన్ నెలలో కాలిఫోర్నియాలోని టాఫ్ట్ పట్టణ సమీపమున, పాతబావి వద్ద నేలనుండి వచ్చుచున్న ఆవిరిని పరిశీలింపబోయిన ఒక ఉద్యోగి, కాళ్ళక్రింది నేల క్రుంగి, మరుగుచున్న ద్రవములో పడి మరణించెను. ఈ ప్రమాదములన్నిటికిని ఒకే కారణమని నేను చెప్పుట లేదు. భూగర్భమున ఆవిరి ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనుట, దానిని అదుపులో నుంచుట, ప్రాణములతో ముడిపడిన పని యని మాత్రము ఇవి తెలుపుచున్నవి.

ఈ అదుపునకు బావిలో ఉపయోగపడు సాధనమే ప్యాకరు. సీసాకు బిరడా ఎట్టిదో, బావికి ప్యాకరు అట్టిది. బావిలో ఒకదానిలో ఒకటిగా రెండు గొట్టము లుండును. వెలుపలిది కేసింగు, అది బావిగోడ కూలకుండ కాపాడును. లోపలిది ట్యూబింగు, అది ఆవిరిని క్రిందికి దింపును. ఈ రెండింటి నడుమనున్న ఖాళీని, నిర్ణయించిన లోతున మూసివేయునది ప్యాకరు. దించునప్పుడు అది సన్నగా నుండి, చోటు చేరిన పిదప ఉబ్బి, కేసింగును గట్టిగా హత్తుకొనును. గాలి కొట్టినప్పుడు సైకిలు ట్యూబు టైరును హత్తుకొనునట్లు కొన్ని ప్యాకర్లు ద్రవపీడనముచే ఉబ్బును. మరికొన్నింటిలో రబ్బరు కడియములు నొక్కుకొని వెడల్పగును.

మూడు ఇసుకపొరలున్న బావి యొకటి కలదనుకొందము. పైపొరకు పైన ఒకటి, పొరల నడుమ రెండు, మొత్తము మూడు ప్యాకర్లు కావలెను. ఈ మూడును ఒకే పీడనముతో ఒక్కమారుగా బిగియునట్టివైనచో, ఒకటి సడలినను బావిని చల్లార్చి, గొట్టమంతయు పైకి లాగవలసివచ్చును. అన్ని దినములును పని నిలిచిపోవును. ఇందుకు పరిహారముగా, ప్రతి ప్యాకరును విడివిడిగా నడుపు ఏర్పాటు చేసిరి. ఒక్కొక్కదానికి వ్రేలికంటె సన్నని ఉక్కునాళము పైనుండి దిగును. ఆ నాళముద్వారా పీడన మిచ్చినచో ఆ ప్యాకరు మాత్రమే బిగియును. పీడనము తీసివేసినచో అదియే సడలును. ఏది కారుచున్నదో ఒక్కొక్కదానిని పరీక్షించి పైనుండియే తెలిసికొనవచ్చును. నేడు క్రిందిపొరకు, కొన్ని వారముల పిదప నడిమిపొరకు ఆవిరి మళ్ళింపవచ్చును. కాలువగట్టుపై లస్కరు ఒక్కొక్క తూము తలుపును వేరువేరుగ ఎత్తి దించునట్టి పని యిది.

చెప్పుట సులభము, చేయుట కష్టము. ఆవిరి వేడి 200 నుండి 300 డిగ్రీల వరకు ఉండవచ్చును. సామాన్యమైన రబ్బరు ఆ వేడికి గట్టిపడి పగిలిపోవును. అందుచే ప్రత్యేక పదార్థములు వాడవలెను. ఉక్కు గొట్టము సయితము స్థిరముగ నుండదు. 300 మీటర్ల గొట్టము 200 డిగ్రీల మేర వేడెక్కినచో సుమారు 72 సెంటీమీటర్లు సాగును. చల్లారినప్పుడు మరల కుంచించుకొనును. ఈ సాగుదలకు జారుడు కీళ్ళు అమర్చనిచో అది ప్యాకరును చోటు తప్పించును. ప్యాకరులోని ద్రవము సయితము వేడికి వ్యాకోచించును. విడినాళ మున్నచో ఆ అధిక పీడనమును పైనుండి సర్దవచ్చును. కాని క్రింది ప్యాకర్ల నాళములు పై ప్యాకర్ల గుండ పోవలెను గదా! అట్టి ప్రతి ద్వారమును ఆవిరి కారుటకు క్రొత్త అవకాశమే. కావున నాళములను ఇష్టము వచ్చినన్ని పెంచుటకు వీలులేదు.

మరియొక హద్దును చెప్పవలెను. ప్యాకరు గొట్టము లోపలి దారిని మాత్రమే మూయగలదు. కేసింగు వెనుక, గొట్టమునకును రాతికిని నడుమ, అడ్డుకట్ట సిమెంటు ఒక్కటే. సాధారణ సిమెంటు 110 డిగ్రీలు దాటిన వేడిలో క్రమముగా బలము కోల్పోవును. అందుచేత అందులో మెత్తని సిలికా పొడిని 35, 40 పాళ్ళ వరకు కలుపుదురు. ఆ సిమెంటు పగిలినచో, లోపల ఎంత మంచి ప్యాకరున్నను ఆవిరి వెనుకదారిని పోవును. అందుచే బావి పొడవునా వేడిని కొలుచుచు, ఆవిరి చేరిన చోటును ఎప్పటికప్పుడు తెలిసికొనుచుండవలెను.

మన కృష్ణా గోదావరి తీరమున బావుల చమురునకు, వాయువునకు ఇట్టి ఆవిరితో పని లేదు. కాని మన దేశముననే, రాజస్థాన్ ఎడారిలోని బాఘేవాలా క్షేత్రమున చిక్కని చమురు కలదు. అచ్చట ఆయిల్ ఇండియా సంస్థ ఆవిరి పద్ధతిని ప్రయోగించినది. నీరు కరవైన ఎడారిలో ఆవిరిగా మార్చిన ప్రతి పీపా నీటికిని లెక్క యుండవలెను. అది పనికివచ్చు పొరకు చేరినదా, లేక పనిలేని పొరలో కలిసిపోయినదా యని ఇంజనీరు అడుగకతప్పదు. ఆ ప్రశ్నకు సమాధానము బావి అడుగున, మన కంటికి కానరాని చోట, ఒక రబ్బరు కడియపు బిగువుపై ఆధారపడి యున్నది.