బత్తాయి మీద సూది గాటు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



బజారులో బత్తాయిలు ఏరేటప్పుడు ఒక్కోసారి కాయ మీద సూదితో గుచ్చినట్టు చిన్న బెజ్జం కనిపిస్తుంది. చుట్టూ గోధుమరంగు మచ్చ, నొక్కితే మెత్తన. అది ఎవరి పనో, వానాకాలం చివర్లో నల్లగొండ దగ్గర మా అక్కవాళ్ల తోటకు వెళ్లినప్పుడు కళ్లారా చూశాను.

పొద్దున్నే చెట్ల కింద కాయలు రాలి ఉన్నాయి. "రాత్రి రెక్కల పురుగు వచ్చిపోయింది చెల్లె. ఏడాదంత నీళ్లు పెట్టి సాకిన కాయ, కోసే ముందర నేలపాలాయె" అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

చీకటి పడ్డాక బ్యాటరీ లైటు పట్టుకుని ఇద్దరం తోటలోకి వెళ్లాం. ఒక కాయకు ఎండుటాకు అంటుకుని ఉంది. లైటు వేయగానే ఆ ఎండుటాకు విచ్చుకుంది! లోపలి రెక్కలు నిండు నారింజరంగు, నడుమ నల్లని చుక్క, అంచున నల్లని పట్టీ. అచ్చం పట్టుచీరే! ఇంత అందమైనదా ఇంత పని చేసేది అనుకున్నాను.

మామూలుగా పైరును తినేది గొంగళి పురుగు. రెక్కలొచ్చాక పూల తేనె తాగి బతుకుతుంది. ఇక్కడ కథ తిరగబడింది. దీని తొండం గట్టిది, కొనకు ముళ్లుంటాయి. దాంతో తొక్కను తొలిచి రసం పీలుస్తుంది. తాగేది కొంచెమే, కాని ఆ బెజ్జంలోంచి కుళ్లు దిగి కాయ రాలిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో ఆముదం ఆకు తినే దాసరి పురుగు కూడా, రెక్కలొచ్చాక పండ్ల మీద వాలుతుంది.

మరి దీని పిల్లలు ఎక్కడ పెరుగుతాయి? కంచెల మీద పాకే తిప్పతీగ, దూసరితీగల మీద! 1767లో లిన్నేయస్ ఈ పురుగుకు మెటర్నా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో తల్లికి చెందినది అని అర్థం. తల్లి విందు ఒకచోట, పిల్లల ఉయ్యాల ఇంకోచోట.

రాత్రి ఎగిరొచ్చి పోయేదానికి మందు చల్లి ఏం లాభం? కోతకొచ్చిన కాయ మీద విషం చివరికి మనింటికే వస్తుంది. అందుకే రాలిన కాయలు ఏరి గోతిలో పూడ్చాలి, పొద్దుగూకగానే పొగ పెట్టాలి, వీలైతే కాయలకు సంచులు కట్టాలి. అన్నిటికంటే ముందు తోట చుట్టూ ఆ తీగలు తీసేయాలి.

అక్కకు అదే కష్టమైంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కషాయానికని ఎంతోమంది ఆ కంచె దగ్గరికే వచ్చారట. "మందాకు చెల్లె, ఎట్ల పీకను?" అంది. చివరికి కంచె మీదది పీకేసి, ఒక్క కొమ్మ ఊళ్లో ఇంటి ముందు కుండీలో నాటుకుంది. రోజూ ఆకులు తిరగేసి చూస్తోంది.

మీ ఇంట్లో తిప్పతీగ ఉంటే మీరూ అలాగే చూడండి. ఒంటి పక్కన కళ్లలాంటి మచ్చలున్న నల్లని గొంగళి పురుగు కనిపిస్తే ఏరేయండి. పెరట్లో దానిమ్మ, జామ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఇకమీదట బెజ్జం పడ్డ బత్తాయి చేతికొస్తే బండివాణ్ణి తిట్టకండి. తోటలో పొగ పెట్టుకుని రాత్రి మేలుకుంటున్న ఆడబిడ్డ ఒకర్తె ఉందని తలుచుకోండి.