మోటారు రాని దారి



ఇవాళ ఫ్రాన్సు దేశపు పల్లెదారుల గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. "పంజాగుట్ట చౌరస్తా దాటి ఎర్రమంజిల్ వైపు రావడానికే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నాం. ఫ్రాన్సు పల్లెలతో మనకేం పనమ్మా?" అంటారేమో. పని ఉంది. కాస్త ఓపిక పట్టండి.

ఆ దేశంలో కార్లకూ, లారీలకూ, స్కూటర్లకూ ప్రవేశం లేని దారులున్నాయి. వాటిని వాళ్ళ భాషలో 'వ్వా వెర్త్' అంటారు. అంటే పచ్చబాట. నడిచేవాళ్ళకూ, సైకిలు తొక్కేవాళ్ళకూ, చక్రాల కుర్చీలో వెళ్ళేవాళ్ళకూ ఉద్దేశించిన దారి అన్నమాట. ఈ బాటల్లో మొదటిది బర్గండీ ప్రాంతంలో జివ్రీ, క్లూనీ అనే ఊళ్ళ మధ్య 1997లో తెరిచారు. పొడవు సుమారు 44 కిలోమీటర్లు. దానికోసం కొత్తగా కొండలు తవ్వలేదు, పొలాలు కొనలేదు. రైళ్ళు ఆగిపోయిన పాత లైను మీద పట్టాలు తీసేసి, ఆ కట్టనే చదును చేశారు. ఇందులో ఒక సుళువుంది చూడండి. రైలు నిటారుగా ఎక్కలేదు కదా! అందుకని రైలుకట్ట మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. అలాంటి దారి మీద పదేళ్ళ మనవరాలూ తొక్కగలదు, అరవయ్యేళ్ళ అమ్మమ్మా తొక్కగలదు.

ఇక దక్షిణాన తులూజ్ నగరం నుంచి సముద్రం దిక్కుగా 240 కిలోమీటర్ల కాలువ ఒకటుంది. 'కెనాల్ దు మిది' దాని పేరు. 1666లో తవ్వకం మొదలుపెట్టి 1681కి పూర్తి చేశారు. ఆ రోజుల్లో పడవలకు ఇంజన్లెక్కడివి? గట్టు మీద గుర్రాలు నడుస్తూ తాళ్ళతో పడవల్ని లాగేవి. గుర్రాలు నడిచిన ఆ గట్టే ఇవాళ సైకిళ్ళ దారి అయింది. అంతా నున్నటి రోడ్డనుకోకండి. కొన్నిచోట్ల మట్టి, చెట్ల వేళ్ళు. అయినా వెనక నుంచి హారను మోగదు. ఆ నిశ్శబ్దం కోసమే జనం వెళ్తారు.

లువార్ నది వెంట అయితే 900 కిలోమీటర్ల దారి. అదంతా ప్రత్యేకంగా వేసిన బాట కాదు. బండ్లు అరుదుగా తిరిగే పల్లె రోడ్లను ఏరి, బాటలతో కలిపి, మలుపు మలుపుకీ గుర్తుబోర్డు పెట్టారు. దారి పక్క బసలకు 'సైకిలువాళ్ళకు స్వాగతం' అనే అర్థం వచ్చే గుర్తింపు ఒకటి ఇస్తారు. అది కావాలంటే బస దారికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, సైకిలు భద్రంగా పెట్టుకునే చోటుండాలి, చిన్నచిన్న రిపేర్లకు పనిముట్లుండాలి. రొట్టెలమ్మే దుకాణానికీ, భోజనం పెట్టే ఇంటికీ దీనివల్ల నాలుగు డబ్బులు వస్తాయి. కారులో పోయేవాడు ఊరు దాటేసి పోతాడు. సైకిలు మీద వచ్చేవాడికి ఆకలేస్తుంది, ఆగుతాడు!

ఇప్పుడు మన సంగతికి వద్దాం. కాలువ గట్టు అనగానే గోదావరి జిల్లాల ఆడపడుచులకు పుట్టిల్లు గుర్తొచ్చి ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వినవి. ధాన్యం బస్తాలతో పడవ వెళ్తుంటే, గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. అక్కడ గుర్రాలు, ఇక్కడ మనుషులు. అంతే తేడా. నీటి పక్కన సమంగా సాగిపోయే దారి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. వాళ్ళు దాన్ని సైకిలుకు అప్పగించారు. మనం చాలాచోట్ల తారు వేసి కార్లకూ లారీలకూ అప్పగించాం.

మా కింది వాటాలో ఉండే పిన్నిగారు చిన్నప్పుడు అలాంటి గట్టు మీదనే సైకిలు తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్ళారట. పెళ్ళై హైదరాబాదు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మళ్ళీ సైకిలు ముట్టుకోలేదు. "సిగ్గా పిన్నిగారూ?" అని అడిగాను. "సిగ్గేమిటి నా మొహం! దారి చూపించు, తొక్కి చూపిస్తాను" అన్నారు.

ఆ ఒక్క మాటలో అంతా ఉంది. ఆడవాళ్ళు సైకిలు మానేస్తే చీర అడ్డమనీ, ధైర్యం చాలదనీ, నలుగురూ నవ్వుతారనీ చెబుతారు. నేను ఒప్పుకోను. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో ఏం జరిగిందో చూడండి. అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెల్లో వేలాదిమంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు సైకిళ్ళు కొనుక్కోవడానికి అప్పులు ఇప్పించారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. మధ్య కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు, అదే మేలన్నవాళ్ళూ ఉన్నారట! కూలిపని చేసుకునే స్త్రీలకు, పల్లెరోడ్డు మీద, చీరా సిగ్గూ అడ్డం రాలేదు. సైకిలు బాటలు వేరుగా ఉన్న హాలెండు దేశంలో ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా, ఆ మాటకొస్తే కాస్త ఎక్కువగానే తొక్కుతారు. కాబట్టి లోపం మన ధైర్యంలో లేదు, దారిలో ఉంది.

మన నగరంలో ప్రయత్నాలు జరగలేదని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. ఒక భాగం నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, ఇంకో భాగం నార్సింగి నుంచి కొల్లూరు దాకా. నాలుగున్నర మీటర్ల వెడల్పు. పైన సోలారు పలకల కప్పు. ఫ్రాన్సు కాలువకు చెట్లు నీడనిస్తే, ఇక్కడ కరెంటు పుట్టించే పలకలే నీడ. మన ఎండలకు తగిన ఆలోచన. చిక్కల్లా అక్కడికి చేరడంలోనే ఉంది. ఎర్రమంజిల్ నుంచి పన్నెండు కిలోమీటర్లకు పైమాటే. ఆ దూరమంతా బస్సుల మధ్య తొక్కాలి, లేదా సైకిలును కారు మీద కట్టుకుపోవాలి. సైకిలు తొక్కడానికి కారు కావలసివస్తే ఆ బాట గృహిణికి ఏం అక్కరకొస్తుంది, చెప్పండి?

ఇంటి దగ్గర దారి అసాధ్యమేమీ కాదు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేస్తే, పిల్లాపాపలతో జనం తిరణాలకు వచ్చినట్టు వచ్చారు. దానికి సిమెంటు అక్కర్లేకపోయింది, రెండు వైపులా అడ్డుకట్టలు సరిపోయాయి.

అందుకని నేను అడగమనేవి రెండే రెండు. మొదటిది, ప్రతి పేటలోనూ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఒక్క వీధిని బండ్లు లేకుండా వదలమని అడుగుదాం. మహిళామండలి తరఫున పదిమంది సంతకాలు చేసి కార్పొరేషనుకూ, ట్రాఫిక్ పోలీసులకూ అర్జీ పెట్టుకోవచ్చు. రెండోది, ఊళ్ళలో మాట చెల్లే పుట్టింటివాళ్ళుంటే వాళ్ళ చెవిన వేయండి. కాలువకు గట్లు రెండుంటాయి. ఒకటి కార్లూ లారీలూ తీసుకోనివ్వండి. రెండోది నడిచేవాళ్ళకూ, సైకిళ్ళకూ, బడికి పోయే పిల్లలకూ వదలమనండి. అలా వదిలితే ధవళేశ్వరం నుంచి గట్టు వెంట బయలుదేరినవాళ్ళు ఆత్రేయపురంలో దిగి పూతరేకులు కొనకుండా పోతారా? 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చుట్టే చేతులు ఆడవాళ్ళవేనని మరిచిపోకండి.

ఈలోగా సెల్లారులో దుమ్ము పట్టిన సైకిలును బయటికి తీయండి. టైర్లలో గాలి కొట్టించి, చెయినుకు నూనె వేయించండి. సీటు మీద కూర్చుంటే కాలి మునివేళ్ళు నేలకు ఆనేటట్టు ఎత్తు సరిచేయించండి. చెయినుకు కప్పు ఉందో లేదో చూసుకోండి. కుచ్చిళ్ళు, చున్నీ దోపుకోండి. ఒక్కరే కాకుండా ముగ్గురు నలుగురు కలిసి, పాలవాడు వచ్చే వేళకు కాలనీ లోపలి వీధుల్లో రెండు చుట్లు తిరగండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

తొక్కేవాళ్ళు కనబడితేనే దారి అడిగే నోటికి బలం వస్తుంది. పిన్నిగారు సిద్ధంగానే ఉన్నారు. మీలోనూ అలాంటివాళ్ళు ఎందరో ఉన్నారని నాకు తెలుసు.

సెలవు.