పంటికి తొడుగు



నేను మెట్‌పల్లిలో ముప్పది యేండ్లకు పైగా బాలురకు అక్షరములు నేర్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. తవర్గమును, లకార సకారములను పలుకునపుడు నాలుక పండ్లకు సోకును గనుక వానిని దంత్యములందురని వేలసారులు చెప్పియుంటిని. అక్షరములకు స్థానమైన యా దంతములను కాపాడుకొను విధమును మాత్రము బోధింపనైతిని, నేనును నేర్వనైతిని. ఆ యవివేకమునకు చెల్లించిన మూల్యమును నేడు మీకు విన్నవించెదను.

ఆరేండ్ల క్రిందట సంక్రాంతి దినములలో సకినము కొరుకుచుండగా కుడివైపు క్రింది దవడపన్ను సగము విరిగినది. నేరము సకినముపై మోపితిని గాని, ఆ పన్ను లోలోపల పుచ్చి చాలకాలమైయుండెను. దంతవైద్యుడు వేళ్లలోని నరమును తీసి, రంధ్రము పూడ్చి, “పంతులుగారూ, దీని గోడలు పలుచబడిన కుండవలె నున్నవి. ఆలసింపక తొడుగు వేయించుకొనుడు” అనెను. నొప్పి పోయినది, దానితోడనే వైద్యుని మాటయు మరపునకు వచ్చినది. నొప్పిలేని పంటికి ధనవ్యయమేల యనుకొంటిని. ఏడాది తిరుగకమున్నే వేచిన మక్కలు నములుచుండగా ఆ పన్ను వేరుదాక చీలినది. ఇక పెరికివేయుట దక్క గతి లేకపోయెను. ఆ చోటు నేటికిని ఖాళీయే. ప్రక్కపన్ను దానివైపునకు ఒరుగుచున్నది.

పంటిపై తెల్లనిపొరను మించిన గట్టి పదార్థము మన శరీరమునందు వేరొండు లేదు. అయినను విరిగిన యెముక అతుకుకొనును గాని, తరిగిన యీ పొర మరల పెరుగదు. సుశ్రుతుడు ముఖరోగములను 65గా లెక్కించి, వానిలో పిప్పిపన్నును క్రిమిదంతకమనెను. నేటివారు కంటికి కానరాని సూక్ష్మజీవులు నోటిలోని తీపిని తిని ఆమ్లమును పుట్టించుననియు, ఆ యామ్లమే పంటిని కరగించుననియు చెప్పుదురు. మన ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, మన నోళ్లలోని చక్కెర మాత్రము తగ్గలేదు.

తొడుగును జనులు క్యాపు అందురు; ఆంగ్లేయులు కిరీటమని పేరిడిరి. మొదట పంటిని చుట్టును ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి, అచ్చు తీసికొందురు. తొడుగు సిద్ధమగువరకు తాత్కాలికపు తొడుగు నుంతురు. మన ప్రాంతము పసుపునకు పుట్టినిల్లు గదా! ఆ తాత్కాలికపు తొడుగునకు పసుపు కూరలతో రంగెక్కిన దిగులుపడవలదు. బంక పదార్థములు తినకున్న చాలును. పిదప అసలు తొడుగును ప్రత్యేకమైన సిమెంటుతో అతికింతురు. కొరికినపుడు అది ఎత్తుగా తోచినచో మొగమాటపడక ఆనాడే చెప్పవలయును, వైద్యుడు సరిచేయును. బిడ్డల పాలపండ్లకు ఉక్కు తొడుగులు వేయుదురు. పెద్దలకు లోహముపై పింగాణి పూసినవియు, తెల్లగాను దృఢముగాను ఉండు జిర్కోనియావియు, బంగారు మిశ్రలోహపువియు గలవు. ఏది తగునో పంటి స్థానమునుబట్టియు, మన శక్తినిబట్టియు నిర్ణయింపవలయును.

ఇక సంరక్షణము. తొడుగు పుచ్చదు, తొడుగులోని పన్ను పుచ్చును. ఈ మాటను మరువవలదు. తొడుగును చిగురును కలియు అంచుననే పాచి చేరును. దినమునకు రెండుమారులు మెత్తని కుంచెతో ఆ యంచును తోమవలయును. పండ్ల సందులను సన్నని దారముతో శుభ్రపరుపవలయును. సుశ్రుతుడు చెప్పిన పండ్లపుల్ల 12 వ్రేళ్ల వెడల్పంత పొడవును, చిటికెనవ్రేలి లావును గలది. చేదుపుల్లలలో వేప శ్రేష్ఠమనెను. వేపపుల్ల వాడువారు కొనను మెత్తగా నమిలి, చిగురు గాయపడకుండ వాడుకొనుడు. బొగ్గుపొడి, ఇటుకపొడి వలదు. పోకచెక్కలు, బొక్కలు, మంచుగడ్డలు తొడుగుతో కొరుకకూడదు. నిద్రలో పండ్లు కొరుకువారు ఆ సంగతి వైద్యునికి తెలుపవలయును. నరము తీసిన పన్ను నొప్పితో హెచ్చరింపదు. కావున ఆరుమాసముల కొకమారు చూపించుకొనుట మేలు. ఇట్లు కాపాడినచో తొడుగు సాధారణముగా 10 నుండి 15 ఏండ్లు నిలుచును. ఊడివచ్చినచో పారవేయవలదు, ఇంటిలోని జిగురుతో అతికింపవలదు. కడిగి భద్రపరచి వెంటనే వైద్యునికడకు కొనిపొండు.

మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లో రఫీఉద్దీన్ అహ్మద్ గారు కలకత్తాలో స్థాపించిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. చదివి, పేరు నమోదైనవారు నేడు చిన్నపట్టణములందును గలరు. బాటప్రక్క పండ్లు కట్టువారికి నోరప్పగింపవలదు.

పోయినయేట నా యెడమవైపు పంటికిని నరము తీసిరి. ఈసారి పదునైదవనాటికే తొడుగు వేయించుకొంటిని. ఈ సంక్రాంతికి మనుమడు సకినము నందీయగా, చిన్న తునకలుగా విరిచి ఆ వైపుననే నమిలితిని. నేను పోగొట్టుకొన్నదానిని మీరు పోగొట్టుకొనకుందురు గాక!