ఇథనాల్: మొలాసిస్ నుంచి మొక్కజొన్న దాకా

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం బండికి మంచిదా చెడ్డదా అని ఇవాళ ఎక్కడ చూసినా వాదనే. ఆ 20 శాతాన్ని ఏ పంట నుంచి, ఎవరి నీళ్లతో తీస్తున్నామన్నది మాత్రం వెనకబడిపోయింది. పంటలో మిగిలినదాని నుంచి తీసినంత కాలం ఇథనాల్ మంచి ఇంధనమే. ఇంధనం కోసమే పంట వేయించడంతో చిక్కులు మొదలవుతాయి. ఇథనాల్ చరిత్ర చెప్పేది ఇదేనని నా అభిప్రాయం.

మన దేశంలో పవర్ ఆల్కహాల్ చట్టం 1948లోనే వచ్చింది. అప్పటి ముడిసరుకు మొలాసిస్. మిల్లులో పంచదార తీశాక మిగిలే ఆ నల్లటి చిక్కటి పాకాన్ని ఈస్ట్‌తో పులియబెట్టి, మరిగించి ఆవిరిని చల్లార్చి, చివరికి మిగిలిన నీటి తడిని కూడా తీసేస్తే పెట్రోలులో కలిసే ఇథనాల్ తయారవుతుంది. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైనప్పుడూ ఆధారం అదే. కానీ మొలాసిస్ ఎంత ఉంటే ఇథనాల్ అంతే కనుక లక్ష్యం అందలేదు. 2018 జీవ ఇంధన విధానం ధాన్యానికి తలుపు తెరిచింది. 2030కి పెట్టుకున్న 20 శాతాన్ని 2025కే ముందుకు జరిపారు. లక్ష్యం నెరవేరింది, కానీ అందులో పెద్ద వాటా మొక్కజొన్నది, బియ్యానిది.

ఈ విధానాన్ని సమర్థించేవారు బ్రెజిల్‌ను చూడమంటారు. చూడాల్సిందే. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1975లో అక్కడ ఆల్కహాల్ పథకం పెట్టారు. అక్కడి చెరకు చాలావరకు వానతోనే పండుతుంది, పిప్పిని కాల్చి మిల్లు నడుపుతారు. అయినా చక్కెర ధర పెరగగానే మిల్లులు అటు మళ్లాయి. 1989 నాటికి ఆల్కహాల్‌తో నడిచే కార్లకు ఇంధనం కరువైంది. పెట్రోలైనా ఆల్కహాలైనా పోసుకోగలిగే కార్లు 2003లో వచ్చాకే జనానికి నమ్మకం తిరిగి కుదిరింది. మన బంకుల్లో చాలాచోట్ల వినియోగదారుడికి ఆ ఎంపిక లేదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువన్న సంగతి అతనికి ముందుగా చెప్పినవారూ తక్కువే.

చమురు దిగుమతి బిల్లు తగ్గుతుంది, రైతుకు ధర వస్తుంది అన్న వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. మొక్కజొన్న రైతుకు ధర వచ్చిన మాట నిజం. అదే ధర కోళ్ల దాణా మీద పడింది. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. నీటి లెక్క ఇంకా కఠినం: చెరకు నుంచి లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీరు కావాలని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. దానికి తోడు, మొలాసిస్ డిస్టిలరీలో లీటరు ఆల్కహాల్‌కు దాదాపు పది లీటర్ల ముదురు గోధుమరంగు వ్యర్థజలం మిగులుతుంది, దుర్వాసనతో. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఎదురు తిరిగింది ప్రధానంగా తమ నీటి గురించిన భయంతోనే. దాన్ని అభివృద్ధి వ్యతిరేకత అనడం అన్యాయం.

పంటలో మిగిలినదాని నుంచి తీసే దారీ ఉంది. పానిపట్‌లో 2022లో ప్రారంభమైన ఇథనాల్ ప్లాంటును ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డి వాడేలా కట్టారు. పొలంలో తగలబెట్టే గడ్డి అది. ఖర్చు ఎక్కువే, కానీ సబ్సిడీ ఇవ్వాల్సింది ఇలాంటిదానికే. అలాగే, పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం పెట్టే ప్లాంట్లకు 2021లో పర్యావరణ అనుమతుల్లో ఇచ్చిన సడలింపుతో తప్పిపోయిన ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి తప్పనిసరి చేయాలి. ఏ ధాన్యం వాడతారో, ఏ కాలువ నుంచి నీళ్లు తెస్తారో, వ్యర్థజలం ఎక్కడికి పోతుందో అనుమతికి ముందే ఆ ఊరి వాళ్లకు తెలుగులో రాసిచ్చి చెప్పాలి.