వెలుగు బిళ్ల మీద తెలుగు పేరు
(షోలాపూరు ఉగాది సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు మమ్మల్ని పది నిమిషాలు మాట్లాడమన్నారు. మేము మెట్రిక్ వరకు చదివిన రైల్వే గుమాస్తాలం, పండితులం కాము. కనుక సాహిత్యం జోలికి పోక, మేము ఇంట్లో చేతులతో చేసిన ఒక చిన్న వస్తువును గూర్చి చెబుతాము. అది పేరు చూపించే బిళ్ల. పూర్వం కచేరీలలో బిళ్లబంట్రోతుకు ఇత్తడి బిళ్ల ఉండేది గదా, ఇది దానికి మనుమరాలనుకోండి. ఇత్తడి మీద చెక్కిన పేరుకు బదులు దీపపు చుక్కలతో పేరు వెలుగుతుంది.

ఇటువంటివి లోకంలో కొత్త కావు. అమెరికాలో లాస్ వేగాస్ నగరంలో జరిగే డెఫ్‌కాన్ అనే కంప్యూటరు సమావేశానికి 2006లో జో గ్రాండ్ అనే ఇంజనీరు ఎలక్ట్రానిక్ బ్యాడ్జిని తయారుచేశాడు. 2016లో బి.బి.సి. వారు బ్రిటన్ బడిపిల్లలకు మైక్రోబిట్ అనే చిన్న పలకను పంచారు. దాని మీద అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 దీపాలు. ఇంగ్లీషు అక్షరం ఒకటి అందులో ఇముడుతుంది. మన ‘క్ష్మి’ ఇముడుతుందా? అక్కడే మా పని మొదలైంది.

మన తాతముత్తాతలు తెలంగాణ పల్లెల నుండి మగ్గం పని వెతుక్కుంటూ ఈ ఊరు చేరారు. ఇంట్లో తెలుగు నిలిచింది. బడిలో మరాఠీ, ఉద్యోగంలో హిందీ, ఇంగ్లీషు. మన పిల్లలు తెలుగులో పోట్లాడుకోగలరు, తెలుగులో మారాం చేయగలరు. పేరు తెలుగులో రాయమంటే మాత్రం అమ్మ ముఖం చూస్తారు. అమ్మ నాన్న ముఖం చూస్తుంది. ఉగాది నాడు పిల్లల రొమ్ము మీద పేరు పెట్టాలంటే ఏ లిపిలో పెట్టాలన్న ప్రశ్న చిన్నది కాదు.

బిళ్లలో ఉండేవి నాలుగే సామాన్లు: మైక్రోకంట్రోలరు, అనగా చిన్న కంప్యూటరంత పనిచేసే చిప్పు, వేలెడంత తెర, ఒక మీట, బ్యాటరీలు. మేము వాడినది ఏటీటైనీ 85 అనే ఎనిమిది కాళ్ల చిప్పు. నాలుగవ కాలు భూమికి, ఎనిమిదవది కరెంటుకు. అయిదవ కాలు తెరకు అంకెలను మోస్తుంది, ఏడవది తాళం వేస్తుంది. ఆ తాళానికి తగినట్టు తెర ఒక్కొక్క అంకెను అందుకుంటుంది. ప్రోగ్రామును కంప్యూటరులో రాసి, ఆర్డ్వినో పలక ద్వారా చిప్పులోకి ఎక్కించవచ్చు.

ఇంగ్లీషు అక్షరాలు చుక్కలుగా సిద్ధంగా దొరుకుతాయి. అడ్డంగా 5, నిలువుగా 7 చుక్కలుంటే ఒక అక్షరం వచ్చేస్తుంది. మనకు అలా కుదరదు. ‘లక్ష్మి’ అనే పేరు తీసుకోండి. యూనికోడ్ లెక్కలో అది ఏడు సంకేతాలు. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. గుడి తలమీద కూర్చుంటుంది, ఒత్తులు పాదాల దగ్గర ఒదుగుతాయి. ఈ కూర్పు తెలిసిన ప్రోగ్రాము మన ఫోనులో ఉంది. మా చిప్పులో ప్రోగ్రాముకు ఉన్న శాశ్వత జ్ఞాపకం 8192 బైట్లే. అంత పెద్ద ప్రోగ్రాము అందులో పట్టదు. మరి ఏమి చేయాలి? పేరును అక్షరాలుగా గాక బొమ్మగా గీయాలి.

ఈ విద్య షోలాపూరు వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. జకార్డు మగ్గం మీద చద్దరు నేసే ముందు గళ్ల కాగితం మీద నమూనా గీస్తారు. దాన్నిబట్టి అట్టలకు చిల్లులు కొడతారు. చిల్లి ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. మా చిప్పుకు తెలిసినదీ అంతే: చుక్క వెలిగితే 1, వెలగకుంటే 0.

మా తెరకు అడ్డంగా 128, నిలువుగా 32 చుక్కలు. గళ్ల కాగితం మీద అంత చోటు గీయండి. నిలువు 32ను ఎనిమిదేసి గళ్ల నాలుగు పట్టీలుగా విడదీయండి. పేరు ఆకారం వచ్చేలా గళ్లు నింపండి. ఇప్పుడు ప్రతి పట్టీలో ఒక్కొక్క నిలువు వరుస చూడండి. పై గడికి విలువ 1, దాని కింద 2, తరువాత 4, 8, 16, 32, 64, 128. నింపిన గళ్ల విలువలు కూడండి. మొదటిదీ మూడవదీ నింపితే 5. ఎనిమిదీ నింపితే 255. ఇలా 512 అంకెలు వస్తాయి. అదే మీ పేరు. చిప్పు పని చేసుకునే తాత్కాలిక జ్ఞాపకం కూడా సరిగ్గా 512 బైట్లే కనుక, ఆ అంకెలను అక్కడ పేర్చకుండా శాశ్వత జ్ఞాపకం నుండి నేరుగా ఒక్కొక్కటే తెరకు పంపాలి.

బ్యాటరీ మాట ఒకటి గట్టిగా చెప్పాలి. బొత్తామంత లిథియం బిళ్ల తేలికే గాని, పసిపిల్లలు మింగితే రెండు గంటలలోనే గొంతు లోపల కాల్చివేయగలదు. అందుచేత మేము సన్నని ఏఏఏ సెల్లులు రెండు వాడాము. వాటి మూతను మరతో బిగించాము. మీట నొక్కినప్పుడు కొద్దిసేపే పేరు వెలిగేలా చేస్తే సెల్లులు చాలాకాలం వస్తాయి.

మా ఇంటి పిల్లలు, పొరుగింటి పిల్లలు నలుగురు ఈ పనికి కూర్చున్నారు. అక్షరాలు దిద్దమంటే పారిపోయేవారు, గళ్లు నింపమంటే భోజనానికి లేవలేదు. తలకట్టుకు ఎన్ని గళ్లు, ఒత్తుకు ఎంత చోటు అని వాదులాడుకున్నారు. ఒత్తును గడి గడిగా కట్టిన పిల్ల దాన్ని మళ్లీ మరచిపోలేదు. బిళ్లలు వెలిగాక ఒకరి పేరు ఒకరు చదువుకున్నారు. మాకు కావలసిందీ అదే.

యంత్రానికి మరాఠీ అని, ఇంగ్లీషు అని పక్షపాతం లేదు. ఎవరు గీసి ఇస్తే వారి అక్షరాన్ని వెలిగిస్తుంది. గీసేవారు లేని భాష చీకట్లో ఉంటుంది. ఆ గీసేవారు బయటినుండి రారు.

కనుక సంఘంవారికి మా విన్నపం ఒక్కటే. వచ్చే ఉగాదికి ప్రతి పిల్లకు, పిల్లవానికి ఒక గళ్ల పుస్తకం ఇవ్వండి. పేరు వారే గీయాలి, లెక్క వారే కట్టాలి. అతుకులు పెట్టే పని మేము చూసుకుంటాము. ఆదివారాలు మా ఇంటి తలుపు తెరిచే ఉంటుంది.